తోడు లేని గోడ

“తోడు లేదని ఏడ్చాడు. ట్యాంకు ఎక్కాడు. దూకాడు. ఇందులో మీరు తవ్వి తీసేదేముంది వదినా?”

ఆ మాట అన్నది మా మరిది. ఇంట్లో నేను వడ్డించందే కంచం ముందు కూర్చోడు. స్టేషన్‌లో మాత్రం నన్ను చూడగానే టోపీ తీసి నెత్తిన పెట్టుకుంటాడు, తను ఇన్‌స్పెక్టరనీ నేను ఉత్త ప్రైవేటు డిటెక్టివుననీ గుర్తుచెయ్యడానికి. ఆ టోపీ కింద ఏమైనా ఉందా అని మా ఆయన్ని చాలాసార్లు అడిగాను. తమ్ముడి మీద ఈగ వాలనివ్వని మనిషి, నోరు మెదపడు.

నా పక్క కుర్చీలో ఉన్నావిడ చనిపోయినతని అక్క. అతను కాంక్రీటు ల్యాబ్‌లో కెమిస్టు. ఈవిడ కాపురం వాటర్ వర్క్స్ క్వార్టర్స్‌లో, ఆ పెద్ద ట్యాంకు కాళ్ళ దగ్గరే. భర్త అక్కడే పంపు ఆపరేటరు. మొన్న సాయంత్రం తమ్ముడు ట్యాంకు మీంచి పడింది ఈవిడ పెరటి గోడ పక్కనే. నా దగ్గరికొచ్చి ఆవిడ కోరింది ఒక్కటే. తన తమ్ముడిది ఆత్మహత్య కాదని పోలీసుల చేత రాయించాలి.

“ఏడ్చాడని నీకెవరు చెప్పారు?” అన్నాను మా మరిదితో.

“కళ్ళు చెప్పాయి. రెండూ చింతనిప్పుల్లా ఉన్నాయి. రెప్పలు వాచిపోయాయి. పోస్టుమార్టం డాక్టరే రాశాడు.”

“గొంతు లోపల బొబ్బలున్నాయని కూడా రాశాడు. ఏడిస్తే గొంతు బొబ్బలెక్కుతుందా?”

“తాగుంటాడు.”

“తాగినట్టు రాశాడా?”

“లేదు. అయినా కోడిగుడ్డు మీద ఈకలు పీకకండి వదినా. ముప్పై దాటినా పెళ్ళి కాలేదు. అక్కకి ఫోన్ చేసి తోడు లేదన్నాడు. ఆవిడే కదా చెప్పింది! ఫైలు పొద్దున్నే మూసేశాను.”

“నేను చెప్పింది అలా కాదు!” ఆవిడ బల్ల మీద అరచేత్తో ఒక్కటిచ్చింది. బల్ల మీదున్న కప్పూ సాసరూ ఎగిరిపడ్డాయి. నాకు ముచ్చటేసింది.

“అతనన్న మాట ఉన్నదున్నట్టు చెప్పండి. ఒక్క ముక్క వదలొద్దు,” అన్నాను.

“‘తోడు లేదక్కా. ఎంత చూసినా లేదు. నువ్వు ఇవాళే వచ్చెయ్, అక్కడ ఉండకు’ అన్నాడు. నేను పొయ్యి దగ్గరున్నాను. ‘తెచ్చిన సంబంధమల్లా వద్దన్నావు, ఇప్పుడు తోడు లేదని ఏడిస్తే నేనేం చెయ్యను? నా సంసారం వదిలేసి వచ్చి నీ దగ్గర కూర్చోమంటావా’ అని కసిరి పెట్టేశాను. అదే ఆఖరు మాట.”

ఆవిడ కోపంలో సగం పోలీసుల మీద కాదని, తన మీదేనని అప్పుడు తెలిసింది. నా కోపం మాత్రం మొత్తం మా మరిది మీదే. ఒక మనిషి చివరి మాటని సగం విని, దాంతో వాడి చావుకి మూత వేసేశాడు.

“సాయంత్రం దాకా ఆగు,” అన్నాను.

“సాయంత్రం ఐదింటికి బాగుచేసిన ట్యాంకు ప్రారంభం. నాకు బందోబస్తు డ్యూటీ ఉంది. మీరు కావాలంటే వచ్చి చప్పట్లు కొట్టండి.”

ఆవిడని ఇంటికి పంపించి నేను ల్యాబ్‌కి వెళ్ళాను. తలుపు తియ్యగానే కడగని మూత్రశాల వాసన ముక్కు బద్దలుకొట్టింది. గుడ్డటోపీ పెట్టుకున్న టెక్నీషియన్ ఒకావిడ పక్క గదిలోకి కేకేస్తోంది.

“తోడు ఫ్రిజ్‌లోంచి తీశావా? చల్లగా ఉంటే పట్టదు!”

నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

“ఏం తియ్యమన్నారు?”

“తోడండీ,” నవ్వింది ఆవిడ. “అంటే బ్యాక్టీరియా. దాని అసలు పేరు పలకాలంటే నాలుక మడతపడుతుంది. పాలు తోడుకోవడానికి కాస్త పెరుగు వేస్తాం చూడండి, పగిలిన కాంక్రీటుకి ఇదీ అంతే. కెమిస్టుగారు పెట్టిన పేరు. ఇక్కడ అందరికీ అదే అలవాటైపోయింది.”

“వేస్తే ఏమవుతుంది?”

“అది ఒక ప్రొటీన్ తయారుచేస్తుంది. యూరియా, కాల్షియం కలిపిన నీళ్ళతో దాన్ని పగుళ్ళలోకి ఎక్కిస్తాం. ఆ ప్రొటీన్ యూరియాని విరగ్గొడితే లోపల సున్నపురాయి పేరుకుంటుంది, పగులు పూడిపోతుంది. వాటర్ వర్క్స్ ట్యాంకుకీ ఇదే ఎక్కించాం. ఈ వాసన అమ్మోనియా. వాసన కొడుతోందంటే తోడు పనిచేస్తోందన్నమాట.”

బాగుపడిన కాంక్రీటు ముక్కొకటి నా చేతికిచ్చింది. మధ్యలో తెల్లటి గీత, పాత దెబ్బ మానిన మచ్చలా ఉంది. ఇంటి తాళంచెవితో గట్టిగా గీకాను. గీత చెక్కుచెదరలేదు, తాళంచెవి పన్ను అరిగింది.

తోడు లేదక్కా. ఎంత చూసినా లేదు.

అతను పెళ్ళి గురించి మాట్లాడలేదు. అక్క నెత్తి మీదున్న ట్యాంకు గురించి మాట్లాడాడు. వచ్చెయ్ అన్నది తన ఒంటరితనం తీర్చమని కాదు, దాని కింద ఉండొద్దని.

అప్పటికప్పుడు అతని అక్కకి ఫోన్ చేశాను. “తోడంటే వీళ్ళు గోడ పగుళ్ళకి వేసే మందమ్మా. ట్యాంకు గోడలో అది పనిచెయ్యలేదని మీ తమ్ముడు కనిపెట్టాడు. మిమ్మల్ని కాపాడుకోవడానికి ఫోన్ చేశాడు. ముందు పిల్లల్ని తీసుకుని బయటికి నడవండి.”

ఆవిడ గొంతు పగిలేలా అంది, “నేనొక్కదాన్నీ వచ్చేస్తే సరిపోతుందా? ఇక్కడ ముప్పై ఇళ్ళున్నాయి. ఒక్కో తలుపూ బాదుతాను. ఎవరు రారో చూస్తాను!” ట్యాంకులో నీళ్ళున్నాయా అని అడిగేలోపే పెట్టేసింది.

అప్పుడు చూశాను తలుపు మీది బోర్డు. ఎర్రటి అక్షరాలు: బ్లీచింగ్ పౌడరు ఈ గదిలోకి తేవద్దు.

“అదెందుకు?” అని టెక్నీషియన్‌ని అడిగాను.

“తోడు చస్తుంది, ప్రొటీనూ పాడైపోతుంది. అంతకన్నా ముఖ్యం, అమ్మోనియా ఉన్నచోట బ్లీచింగ్ పడితే పుట్టే గాలి పీల్చామా, కళ్ళూ గొంతూ కాలిపోతాయి. ఇక్కడ చేరిన మొదటిరోజే ప్రొఫెసర్‌గారు ప్రతి ఒక్కళ్ళనీ ఈ బోర్డు ముందు నిలబెట్టి చెప్తారు.”

“ఆ ప్రొఫెసర్‌గారు లోపలున్నారా?” అన్నాను పళ్ళు నూరుతూ.

ఉన్నారు. ప్రారంభోత్సవానికి తయారై, అద్దం ముందు నిలబడి జుట్టు సర్దుకుంటున్నారు. ఈ ల్యాబ్‌ని ఒంటిచేత్తో నిలబెట్టిన మనిషి. నన్ను అద్దంలోనే చూసి మాట్లాడింది.

“మీకు ఐదు నిమిషాలు.”

“అన్ని అక్కర్లేదు. ట్యాంకులో తోడు పట్టిందా?”

“పట్టింది. సగం జీవితం ధారపోశాను దానికి. పట్టకుండా ఎలా ఉంటుంది?”

“మీ కెమిస్టు పట్టలేదన్నాడు.”

“చచ్చినవాడి నోట్లో మాటలు పెట్టకండి.”

“మంచినీళ్ళ ట్యాంకు కదా. వాడకముందు బ్లీచింగ్‌తో కడుగుతారు. పగుళ్ళు పూడేదాకా ఆగారా, ముందే కడిగించారా?”

ఆవిడ కళ్ళజోడు తీసి తుడవడం మొదలెట్టింది. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

“కడగడం వాటర్ వర్క్స్ వాళ్ళ పని. నాది కాదు.”

“ప్రారంభం తేదీ ముందుకి లాగింది మీరేనని పేపర్లో వచ్చింది. వాళ్ళ తొందరకి కారణం మీరే.”

“నా పని నలుగురూ చూడాలనుకున్నాను. అది నేరమా?”

“మొన్న సాయంత్రం ఎక్కడున్నారు?”

“ట్యాంకు దగ్గరికి వెళ్ళాను. ఐదింటికల్లా బయల్దేరి వచ్చేశాను. అతను పడింది ఆరు దాటాక. లెక్క సరిపోయిందా?”

“అక్కడ అతను మీకు కనబడ్డాడా?”

“చూడండి, అతనికి మొదట్నుంచీ నిర్లక్ష్యం. ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కించుకోడు. మొన్న కూడా మాస్కు లేకుండానే దిగాడు.”

“ఎక్కడికి?”

ఆవిడ చెయ్యి కళ్ళజోడు మీదే ఆగిపోయింది.

“పోలీసులు, పేపరువాళ్ళు, సొంత అక్క, అందరూ ట్యాంకు ఎక్కాడంటున్నారు. మీరొక్కరే దిగాడంటున్నారు. అతను లోపలికి దిగాడని మీకెలా తెలుసు?”

“ఏదో నోరు జారింది.”

“అవును. బాగా జారింది.”

“బయటికి నడవండి!” అని అరిచింది. నేను కూడా అరిచాను. ఏమని అరిచానో నాకే గుర్తులేదు గానీ, కారిడార్‌లో నలుగురు తలుపులు తీసి చూశారు.

ట్యాంకు దగ్గరికి వెళ్ళేసరికి గేటుకి రిబ్బను కట్టి ఉంది. క్వార్టర్స్‌లో కెమిస్టు అక్క గొంతు ఖంగున మోగుతోంది. తలుపు తలుపుకీ వెళ్ళి బాదుతోంది. కొందరు పిల్లల్ని చంకనేసుకుని వస్తున్నారు, ఎక్కువమంది గుమ్మాల్లో నిలబడి వినోదం చూస్తున్నారు. “తమ్ముడు పోయిన బాధలో మతి చలించింది పాపం” అని ఒకాయన నాతోనే అన్నాడు. మా మరిది నీడలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

“ట్యాంకులో నీళ్ళున్నాయా?” అన్నాను.

“పొద్దుట్నుంచీ ఎక్కుతున్నాయి. సగం పైనే నిండింది.”

“మనిషి చచ్చిన చోటు. తాళాలు నీ దగ్గరుండాలి కదరా!”

“ఫైలు మూశాక నా దగ్గరెందుకు? నేనే ఇచ్చేశాను.”

అప్పుడు నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. మా అత్తగారు చదువుతారు. వాడి మణికట్టు పట్టుకుని మెట్ల మీదికి లాక్కెళ్ళాను. ట్యాంకు పొట్ట కింద, మనిషి చెయ్యి చాపితే అందేటంత ఎత్తులో ఒక నడవ చుట్టూ తిరుగుతుంది. అక్కడ నిలబడి తలెత్తితే పూడ్చిన పగుళ్ళు తెల్లటి గీతల్లా కనబడతాయి.

“బాగానే ఉన్నాయిగా?” అన్నాడు రొప్పుతూ.

ల్యాబ్ నుంచి తెచ్చిన ముక్కా, నా తాళంచెవీ వాడి చేతిలో పెట్టాను. “గీకు.”

గీకాడు. ఏమీ రాలలేదు.

“ఇప్పుడు పైన గీకు.”

తాళంచెవి పన్ను మొత్తం లోపలికి దిగిపోయింది. తెల్లటి ముద్ద, తడిసిన సున్నంలా, వాడి వేళ్ళ మీదుగా జారింది. వాసన చూడమన్నాను. ముఖం చిట్లించాడు.

“బ్లీచింగ్.”

“తోడు వేశాక గట్టిపడేదాకా ఆగకుండా బ్లీచింగ్ కొట్టారు. చచ్చింది. అతను అది కనిపెట్టి, కొత్త తోడు కలుపుకుని ట్యాంకు లోపలికి దిగాడు. అప్పుడు మళ్ళీ ఎవరో బ్లీచింగ్ పంపారు. ఆ రెండూ కలిస్తే విషం. నువ్వు చూసిన ఎర్రకళ్ళు అవి. మొదటిది పొరపాటు అనుకో, రెండోదేంటి?”

వాడి టోపీ మీద ఒక చుక్క పడింది. తలెత్తాడు. ఇంకో చుక్క ముక్కు మీద పడింది.

“నీళ్ళ ట్యాంకన్నాక చెమ్మ ఉండదా?” అన్నాడు గానీ గొంతులో జోరు తగ్గింది. “ప్రారంభం ఆపితే నా ఉద్యోగం ఊడుతుంది వదినా. ఆవిడ ఎంత పేరున్న మనిషో తెలుసా? సాక్ష్యం ఏదీ? తాళంచెవితో గీకాననా చెప్పను?”

“ముప్పై కొంపల మీద కూలాక చెబుదువుగాని. అప్పుడు నీ మాట అందరూ నమ్ముతారు.”

కింద కారు ఆగిన చప్పుడైంది. ప్రొఫెసర్ దిగి గేటు బయట నిలబడింది. మా వాడికి ఎంత చెప్పినా ఎక్కదు, కళ్ళతో చూస్తే తప్ప. గబగబా మెట్లు దిగాను. వాడు నా వెనకే వచ్చాడు. గేటుకి ఇవతల, ట్యాంకు సరిగ్గా నడినెత్తిన ఉన్నచోట నిలబడి పిలిచాను.

“ప్రొఫెసర్‌గారూ! మా మరిదికి మీ గోడ మీద అనుమానంగా ఉందట. లోపలికి రండి. ఇక్కడ రెండు కుర్చీలు వేయిస్తాను. ట్యాంకు నిండేదాకా ఇద్దరం దీని కింద కూర్చుని కబుర్లు చెప్పుకుందాం.”

“పర్లేదు. ఇక్కడే బాగుంది.”

“అక్కడ ఎండ మాడ్చేస్తోంది. ఇక్కడ నీడగా ఉంది.”

“నాకు ఎండ అలవాటే.”

“మీ సగం జీవితం కదండీ ఈ గోడ! దాని కింద పది నిమిషాలు కూర్చోలేరా? అదుగో, ఆ కిటికీ దగ్గర పసిపిల్ల ఉంది. అది కూర్చోగా లేనిది మీరు కూర్చోలేరా?”

ఆవిడ పెదవులు కదిలాయి. కాలు కదల్లేదు. రిబ్బను పట్టుకుని నిలబడింది, చెమట కారుతోంది, ఒక్క అడుగు ముందుకి వెయ్యలేదు. మా మరిది ఆవిడ కాళ్ళకేసి చూశాడు. తలెత్తి ట్యాంకుకేసి చూశాడు. టోపీ తీసి నేలకేసి కొట్టాడు.

“పంపు ఆపించండి! ఇళ్ళన్నీ ఖాళీ చేయించండి! రానివాళ్ళని ఎత్తుకు రండి!”

పరవాలేదు, బుర్ర ఉంది. కాకపోతే ఆలస్యంగా పనిచేస్తుంది.

కానిస్టేబుళ్ళు పరుగెత్తారు. జనం గేటు దాటుతున్నారు. ఒక కానిస్టేబులు పంపు గది దగ్గర్నుంచి అరిచాడు, గదికి తాళం వేసి ఉందని, లోపల మోటారు నడుస్తోందని. పగలగొట్టమన్నాడు మా మరిది. ఇద్దరు పిల్లల్నీ చెరో చేత్తో పట్టుకుని కెమిస్టు అక్క అందరికన్నా చివర వచ్చింది. మా మరిది ఆవిడకి ఎదురెళ్ళాడు.

“అమ్మా, మీ తమ్ముడిది ఆత్మహత్య కాదు. తప్పు నాది. నా చేత్తో నేనే మార్చి రాస్తాను.”

ఆవిడ కళ్ళు మూసుకుంది. మొన్నట్నుంచీ బిగపట్టిన ఊపిరి వదిలినట్టుంది. తర్వాత కళ్ళు తెరిచి నేరుగా ప్రొఫెసర్ ముందుకెళ్ళి నిలబడింది.

“వాణ్ణి ఎందుకు చంపావు?”

“చంపాలనుకోలేదు.” ప్రొఫెసర్ గొంతు పీలగా వచ్చింది. “ప్రారంభం వాయిదా వెయ్యమని మొండికేశాడు. వెయ్యకపోతే అందరికీ చెప్తానన్నాడు. వాడు కలిపిన తోడు చచ్చిపోతే, అక్కడితో ఆగుతాడనుకున్నాను. ఆ ఘాటుకి పైకి వచ్చేస్తాడులే అనుకున్నాను.”

“వచ్చాడు,” అన్నాను. “కళ్ళు కనబడక అంచు దాటేశాడు. బ్లీచింగ్ ఎవరు పోశారు?”

“ఎవరూ పైకెక్కి పొయ్యక్కర్లేదు. కింద పంపు గదిలోంచే గొట్టంలో ఎక్కిస్తారు. లోపల ఎవరున్నారో అక్కడికి కనబడదు. నేను కారులోంచి ఫోన్ చేశాను. మావాళ్ళెవరూ లోపల లేరు, ఇంకోసారి కడిగెయ్యమన్నాను.”

“ఎవరికి ఫోన్ చేశారు?” అన్నాడు మా మరిది.

ప్రొఫెసర్ వాడికేసి చూడలేదు. నాకేసీ చూడలేదు. పోయినతని అక్కకేసి చూసి తల దించుకుంది.

పిల్లల చేతులు వదిలేసింది ఆవిడ.

“మొన్న సాయంత్రం డ్యూటీ మా ఆయనది,” అంది.

బావమరిది శవాన్ని ముందుగా చూసింది అతనేనట. భుజాన వేసుకుని మోసింది అతనేనట. ఖాళీ ట్యాంకే కడిగాననుకుంటున్నాడు ఇప్పటికీ. ఎవరూ అడగలేదు, అతను చెప్పలేదు. రోజూ చేసే పనే కదా.

“ఆయనకి తెలీదు,” అంది ఆవిడ నా చెయ్యి పట్టుకుని. “ఏమండీ, ఆయనకి తెలీదండీ. ఎవరూ చెప్పొద్దు. నేను చెప్తాను. నేనే చెప్పాలి.”

“పంపు గదిలో ఎవరూ లేరు సార్!” కానిస్టేబులు మళ్ళీ అరిచాడు. “తాళం పగలగొట్టాం. మోటారు స్విచ్ తీసేసి వైర్లు నేరుగా కలిపేశారు, ఆగట్లేదు!”

మా మరిది ప్రొఫెసర్ భుజం పట్టి కుదిపాడు. “అతనెక్కడ? ఆ ఫోన్ విన్నది అతనొక్కడే. ఎక్కడికి పంపావు?”

ప్రొఫెసర్ చిన్నగా, తనకి తెలియకుండానే, పైకి చూసింది. “మోటారు ఆగకుండా కట్టేసి, పైన మూత దగ్గర నీళ్ళు చూస్తుండమన్నాను,” అంది.

ట్యాంకు పొట్టలో ఎక్కడో ఫట్‌మని ఏదో విరిగింది. తెల్లగీతల్లో ఒకదాని వెంట నీళ్ళు ధారగా దిగాయి. ట్యాంకు నెత్తిన, మూత పక్కన, అంత ఎత్తున నిలబడిన పంపు ఆపరేటరుకి లోపల పడుతున్న నీళ్ళ హోరులో మా కేకలు వినబడలేదు. కింద గేటు దగ్గర భార్యా పిల్లలు కనబడ్డారు కాబోలు, మాకేసి చెయ్యి ఊపాడు.